కాన్పు ఎక్కడో చెప్పే ఐదో నెల స్కాన్

మన బడుల్లో గుండె బొమ్మ గీయకుండా ఉన్నత పాఠశాల దాటిన విద్యార్థి ఉండడు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు, నడుమ గోడ, కవాటాలు, బృహద్ధమని, పుపుస ధమని. పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టే ఆ బొమ్మనే ఐదో నెల స్కాన్‌లో డాక్టరు వెతుకుతారు. గదులు నాలుగూ ఉన్నాయా? ఎడమ, కుడి దాదాపు సమానంగా ఉన్నాయా? పెద్ద నాళాలు రెండూ ఏ గది నుంచి రావాలో ఆ గది నుంచే వస్తున్నాయా? ప్రశ్నలు మన పాఠంలోనివే. కాకపోతే అక్కడి గుండె గోళీకాయంత ఉంటుంది, నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది, బిడ్డ ఒకచోట కుదురుగా ఉండదు.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో 8 నుంచి 10 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందులో చాలావరకు చిన్న రంధ్రాలు, కొన్ని వాటంతటవే పూడిపోతాయి. దాదాపు నాలుగో వంతు మాత్రం మొదటి ఏడాదిలోనే ఆపరేషనో మరో చికిత్సో కోరేవి. స్కాన్ వెతికేది ముఖ్యంగా వీటినే.

ఇంత పెద్ద లోపంతో బిడ్డ తొమ్మిది నెలలూ ఎలా బతుకుతుంది? కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తులకు పని లేదు. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. అందుకే ప్రకృతి రెండు అడ్డదారులు పెట్టింది. ఒకటి కర్ణికల మధ్య గోడలో చిన్న ద్వారం. రెండోది పుపుస ధమనిని బృహద్ధమనితో కలిపే పొట్టి నాళం. గుండెలో ఒక దారి మూసుకుపోయినా రక్తం వీటిగుండా తిరిగిపోతుంది. పుట్టాక, సాధారణంగా రెండు మూడు రోజుల్లో, ఆ నాళం ముడుచుకుంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఏడ్చి, పాలు తాగి, అందరినీ మురిపించిన పాప మూడో రోజున నీలం తిరగడమో, ఒళ్లు చల్లబడడమో అందుకే.

పెద్ద నాళాలు రెండూ తారుమారైన లోపాన్నే చూద్దాం. బృహద్ధమని కుడి జఠరిక నుంచీ, పుపుస ధమని ఎడమ జఠరిక నుంచీ బయల్దేరతాయి. చెడు రక్తం ఒంటికీ, మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తులకీ పోతూ ఉంటుంది. ముందే తెలిస్తే పుట్టిన వెంటనే ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కించి ఆ పొట్టి నాళాన్ని తెరిచే ఉంచుతారు. అవసరమైతే బెలూన్‌తో కర్ణికల మధ్య ద్వారాన్ని పెద్దది చేస్తారు. 1966లో అమెరికాలో రాష్కిండ్ చూపిన పద్ధతి ఇది. తర్వాత కొద్ది రోజుల్లో నాళాలను మార్చి కుట్టే ఆపరేషన్. బ్రెజిల్ వైద్యుడు జటేనే దాన్ని 1975లో విజయవంతం చేశారు. చికిత్స ఉంది, పాతదే. బిడ్డ దాని దగ్గరికి సమయానికి చేరడమే మిగిలింది.

అందువల్లే ఈ స్కాన్ చెప్పే అతి ముఖ్యమైన సంగతి కాన్పు ఎక్కడ జరగాలన్నదే అని మేమంటాం. మన కుటుంబాలకు ఇది సులువైన మాట కాదు. హోసూరులోనో బళ్లారిలోనో షోలాపూర్‌లోనో బరంపురంలోనో కాపురముండే అమ్మాయి సీమంతం కాగానే పుట్టింటికి వెళ్తుంది. స్కాన్ ఒక రాష్ట్రంలో, పురుడు ఇంకో రాష్ట్రంలో, ఫైలు అత్తవారింటి బీరువాలో. గుండెలో తీవ్రమైన లోపం కనబడితే పుట్టింటి మురిపెం కాస్త పక్కనపెట్టి, పసిపిల్లల గుండె వైద్యులున్న ఊళ్లో కాన్పు ఏర్పాటు చేసుకోవాలి. ఏ లోపమూ లేకపోయినా ఫైలు మాత్రం చీరెసారెలతోపాటు వెళ్లాల్సిందే.

భాష ఇంకో చిక్కు. రిపోర్టు ఇంగ్లిషులో, డాక్టరు చెప్పేది కన్నడంలోనో మరాఠీలోనో ఒడియాలోనో. ఇంట్లో వదినకు దాన్ని చదివిపెట్టేది తొమ్మిదో తరగతి ఆడపడుచు. ఆ పిల్లకు బడి నేర్పాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘గదులతో పాటు బయటికి వెళ్లే నాళాలు కూడా చూశారా?’ నాలుగు గదులు బాగున్నాయన్న ఒక్క మాట చాలదు. నాళాలు తారుమారైన బిడ్డలోనూ గదులు చక్కగానే కనబడవచ్చు. అనుమానం ఉంటే ఫీటల్ ఎకో అనే ప్రత్యేక పరీక్ష ఉంది. సాధారణంగా 18 నుంచి 24 వారాల మధ్య చేస్తారు. తల్లికి గర్భానికి ముందే షుగరు ఉన్నా, తల్లిదండ్రులకో మొదటి బిడ్డకో గుండె లోపం ఉన్నా, మేనరికమైనా ఆ పరీక్ష సంగతి డాక్టరును అడగాలి. మేనరికం ముప్పును కొంత పెంచుతుంది. అలాగని కోడలిని నిందించడం అన్యాయం. ఎక్కువమంది బిడ్డల్లో లోపానికి కారణమే దొరకదు.

కడుపులోనే చికిత్స కూడా ఉంది. బిడ్డ గుండె 200 దాటి పరుగెడుతూ ఉంటే తల్లికే డిగాక్సిన్, ఫ్లెకైనైడ్ వంటి మందులిస్తారు. అవి మాయ దాటి బిడ్డను చేరతాయి. చాలామందిలో గుండె లయ దారికొస్తుంది. ఇక సూది వైద్యం. బృహద్ధమని కవాటం బాగా ఇరుకైతే ఎడమ జఠరిక ఎదగడం మానేస్తుంది. తల్లి పొట్ట మీంచి బిడ్డ గుండెలోకి సూది పంపి, బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేసే పద్ధతిని లండన్ వైద్యులు 1991లో ప్రకటించారు. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 90 సెకన్లలో బెలూన్ పని ముగించారన్న వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. హైదరాబాదులోనూ ఇలాంటి చికిత్స జరిగింది. గొప్పదే, కానీ అతి కొద్దిమందికే పనికొస్తుంది. ప్రయత్నంలో బిడ్డ దక్కకపోవచ్చు. కవాటం తెరుచుకున్నా పుట్టాక ఆపరేషన్లు తప్పకపోవచ్చు. పత్రికలు ఆ సగం చెప్పవు.

స్కాన్‌కు ఆలస్యం చేయకూడదు. లోపం మరీ తీవ్రమైతే గర్భం కొనసాగించాలా వద్దా అన్న కష్టమైన నిర్ణయానికి చట్టంలో గడువుంది. 2021 సవరణ ప్రకారం 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. ఆడా మగా అని మాత్రం అడగకూడదు. 1994 చట్టం ప్రకారం అది నేరం.

బడి ఇప్పటికే చేసిన మేలు ఒకటుంది. తల్లికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ గుండె దెబ్బతింటుంది. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరి బడుల్లో వేసిన మీజిల్స్-రుబెల్లా టీకా అందుకే. యానాం పిల్లలూ అందులోకే వస్తారు. ఆనాడు చేయి చాపిన ఎనిమిదో తరగతి బాలికలకు ఇప్పుడు ఇరవై దాటాయి.

వైద్యానికి మరీ దూరం పోనక్కర్లేదు. హోసూరు, బళ్లారి వైపువారికి బెంగళూరు, పుట్టపర్తి దగ్గర. తిరుపతిలో టీటీడీ పసిపిల్లల గుండె ఆసుపత్రి 2021లో మొదలైంది. ఇక స్కాన్‌లో ఏ లోపమూ కనబడని బిడ్డకైనా, ఇంటికి పంపేముందు కుడిచేతికీ పాదానికీ పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడమని అడగవచ్చు. నొప్పి ఉండదు, నిమిషాల పని. రీడింగ్ 95 కంటే తక్కువ వస్తే ఎకో తీయించకుండా బిడ్డను ఇంటికి తీసుకెళ్లకూడదు.