పురుగుల పుస్తకం తెరిచే ముందు

మన తెలుగు బడిలో ఆరేడేళ్ల పిల్లలకు కథల పుస్తకాలు చదివి వినిపించడం మామూలే. కాకి కథో, కోతి కథో మొదలుపెడితే "తర్వాత ఏమైంది?" అన్న ఆత్రమే వాళ్లని చివరి పేజీదాకా లాక్కుపోతుంది. కీటకాల గురించి చెప్పే పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. అందులో రాజూ ఉండడు, రాక్షసుడూ ఉండడు. పైగా పేజీకి నాలుగు కొత్త మాటలు. అందుకే అలాంటి పుస్తకం చేతికిచ్చే ముందు ఒక క్లాసంతా మాటలకే కేటాయిస్తున్నాం.

విచిత్రమేమిటంటే, ఈ విషయంలో మన పిల్లలకు తెలియనిది తక్కువ. చాలామంది కిండర్‌గార్టెన్‌లోనే గొంగళిపురుగును డబ్బాలో పెంచి, సీతాకోకచిలుకయ్యాక ఎగరేసి వస్తారు. రోజంతా ప్రోగ్రాముల్లో బగ్గులు ఏరుకునే మాకే అసలు బగ్గుల గురించి పాఠం చెప్పగలరు. లేనిదల్లా ఆ తెలివికి తెలుగు. ఇంట్లో మన తెలుగు "అన్నం తిను, పళ్లు తోముకో, పడుకో" దగ్గరే ఆగిపోతే, బుర్రకు పనిపెట్టే సంగతులన్నీ ఇంగ్లీషు ఖాతాలోకి పోతాయి. పదేళ్లు వచ్చేసరికి తెలుగు పసిపిల్లల భాషేనని తేల్చేస్తారు. మా భయం అదే.

ఇక్కడి బడుల్లో వాడే ఒక పద్ధతి మాకు బాగా పనికొచ్చింది. డొన్నా ఓగిల్ అనే ఆచార్యురాలు 1986లో ప్రచురించింది. బోర్డు మీద మూడు గళ్లు గీస్తాం: తెలిసినవి, తెలుసుకోవాలనుకునేవి, తెలుసుకున్నవి. ఇంగ్లీషులో మూడు వేరువేరు అక్షరాలు గుర్తుపెట్టుకోవాలి, మనకు మూడూ 'తె'లే! మొదటి గడిలోకి పిల్లలు ఏ భాషలో చెప్పినా తీసుకుని, తెలుగులో రాసి, అందరిచేతా పలికిస్తాం. ఎండాకాలం సాయంత్రాల్లో పెరట్లో వెలిగేది మిణుగురు. దూకేది మిడత. రాత్రి కీచుమనేది కీచురాయి.

అసలు చర్చ పేర్ల దగ్గర మొదలవుతుంది. తెలుగులో 'పురుగు' చాలా పెద్ద సంచి, అందులో ఏదైనా పడుతుంది. పుస్తకంలో వచ్చే 'కీటకం' అలా కాదు, దానికి ఆరు కాళ్లుండాలి. సాలెపురుగు పేరులో పురుగుంది గాని, కాళ్లు ఎనిమిది. ఎర్ర మఖమల్ గుడ్డలా ఉండే ఆరుద్రపురుగూ అంతే. వానపాము పాము కాదు, కీటకమూ కాదు. సీతాకోకచిలుక చిలుక కాదు గాని, కీటకమే. పిల్లలు ఇక్కడ పగలబడి నవ్వుతారు. నవ్విన మాట మరచిపోరు.

"మరి గొంగళిపురుగుకు బోలెడు కాళ్లున్నాయిగా?" అని ఎవరో ఒకరు అడిగి తీరుతారు. వెంటనే జవాబు చెప్పకండి, రెండో గడిలో రాయండి. ముందున్న ఆరే అసలు కాళ్లని, వెనకవి కొమ్మను పట్టుకోవడానికి పనికొచ్చే మెత్తటి బొడిపెలని పుస్తకంలో వాళ్లే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట కోసమే విషయసూచిక చూడడం, బొమ్మ కింద మాట చదవడం ముందే చూపిస్తాం. మొదటి పేజీ నుంచే చదవాలన్న నియమం ఈ పుస్తకాలకు లేదు.

శరీర భాగాలకు తల, రొమ్ము, పొట్ట, మీసాలు చాలు. శిరస్సు, వక్షం, ఉదరం, స్పర్శశృంగాలు తర్వాతెప్పుడైనా నేర్చుకోవచ్చు. ఆరేళ్ల పిల్లవాడి నోట స్పర్శశృంగాలు పలికించాలని సరదాపడే నాన్నలూ ఉన్నారు, వారికో దండం!

ఇంటిపని ఒక్కటే. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, చిన్నప్పుడు చూసిన ఒక పురుగు పేరు, అదెప్పుడు కనిపించేదో అడగాలి. ఆరుద్రకార్తెలో, అంటే జూన్ చివర వానలకు, ఎర్రమట్టిలో ఏమేం బయటికొచ్చేవో వాళ్లు చెప్పినట్టు మేం చెప్పలేం.

మన మేరీల్యాండ్, వర్జీనియాల్లో 2021లో నేలలోంచి వచ్చిన పదిహేడేళ్ల సికాడాలను అన్నయ్యలూ, అక్కయ్యలూ చూసే ఉంటారు. మళ్లీ 2038లో వస్తాయి. అప్పటికి నీకెన్నేళ్లని అడగండి. లెక్క తెలుగులోనే చెప్పాలి.