గుఱ్ఱంకొండ గిరిదుర్గము

దుఃఖముచే పొందదగినది దుర్గము. మనువు ధన్వ, మహీ, జల, వృక్ష, నృ, గిరి భేదములచే దుర్గములాఱని చెప్పి గిరిదుర్గమే శ్రేష్ఠమనెను. శాంతిపర్వమున భీష్ముడు నరదుర్గమే మిక్కిలి దుస్తరమనెను. ఈ మతభేదమునకు తంబళ్లపల్లె సీమకు పొరుగుననున్న గుఱ్ఱంకొండ చక్కని నిదర్శనము.

విజయనగర కాలమునాటి ఈ కోట పిదప కడప నవాబులకును, మహారాష్ట్రులకును, హైదరలీకిని వశమయ్యెను. కొండపై ఒక గుఱ్ఱము కాపున్నంతకాలము కోట అజేయమనియు, ఒక మరాఠా వీరుడు దానిని అపహరించుటతో ఆ మహిమ తొలగెననియు జనశ్రుతి. పేరును బట్టి పుట్టిన కథయే కావచ్చును. అయినను కోట బలము కావలిలో నున్నదని దానిని కల్పించినవా డెఱుగును.

1791లో నిజాము సైన్యము ఆంగ్లేయుల ఫిరంగుల సాయమున దిగువకోటను గైకొనెను. పైకోట లొంగలేదు. అంతవఱకు మనువు మాట నిలిచినది. 1799లో టిప్పు శ్రీరంగపట్టణమున మడియగా ఈ సీమ పంపకమున నిజాము పాలయ్యెను. మఱుసటి యేడే ఆయన దీనిని దత్తమండలములలో చేర్చి కుంపిణీకి వ్రాసి యిచ్చెను. ఫిరంగులకు లొంగని గిరి సంధిపత్రముతో పరాధీనమైనది! కాచువారు లేని దుర్గము క్రమముగా శిథిలమైనది.

నేడు దిగువను రంగీన్ మహలును, హైదరలీ బావమఱది మీర్ రజా అలీఖాను సమాధియు నిలిచియున్నవి. చూడవచ్చినవారు వానితో తృప్తిపడి మరలక, తలయెత్తి కొండమీది ప్రాకార శకలములనుగూడ పరికింపవలెను.