పాత ల్యాప్‌టాప్ ఎందుకు నత్తనడక నడుస్తుంది?

కొన్న కొత్తలో చకచకా పనిచేసిన ల్యాప్‌టాప్ ఇప్పుడెందుకు మొరాయిస్తోంది? ముసలిదైపోయిందనుకుంటున్నారా? చాలాసార్లు యంత్రం అరిగిపోదు, దాని నెత్తిన బరువు పెరుగుతుంది. కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం, అంటే ర్యామ్, వంటింటి గట్టు లాంటిది. చిన్న గట్టు మీద మిక్సీ, డబ్బాలు ముందే చేరిపోతే కూర తరగడానికి చోటేదీ? మాటిమాటికీ సామాను అటకెక్కించి, మళ్లీ దించుకోవాలి. ఆలస్యమంతా అక్కడే! కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ గట్టు మీదే కూర్చుంటుంది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కి 2 జీబీ చాలు, 4 ఉంటే హాయి. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం మరీ తేలిక.

పాత విండోస్ 10నే ఉంచుకోవచ్చు కదా అంటారేమో. దానికి మామూలు భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కొత్తది నేర్చుకోవడం కష్టమన్న భయమూ పెద్దగా అక్కర్లేదు: మింట్‌లోనూ మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ల్యాప్‌టాప్‌లో ఏదీ చెరపకుండా వైఫై, శబ్దం సరిగా వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. నచ్చితేనే ఎక్కించండి, అదీ ఫొటోలూ పాఠాలూ వేరేచోట దాచుకున్నాకే. అయితే విండోస్ కోసమే చేసిన కొన్ని ఆటలు ఇందులో ఆడవు. ర్యామ్ తక్కువున్నప్పుడు బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే మాత్రం ఏ సిస్టమైనా చతికిలబడవచ్చు!