మంచు కొండ ఎక్కబోతున్న మన యౌవనస్థులకు, వారి తలిదండ్రులకు

పరీక్షలు ముగిసి ఈస్టరు దగ్గరపడే రోజుల్లో మా ఓ.పి.లో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న వినబడుతోంది. "డాక్టరుగారూ, దోస్తులం కలిసి హిమాలయాలకు పోతున్నం. పైన తలనొప్పి రాకుండ ఏదో గోలీ ఉంటదంట గద, రాసియ్యరా?" అడిగేది ఎక్కువగా హైదరాబాదులో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన కొత్తకోట, పెబ్బేరు, వనపర్తి పిల్లలే. వెంట వచ్చిన తల్లి మాత్రం గోలీ సంగతి అడగదు. "ఆడ అంత మంచుంటదంట సార్, పిల్లగానికి ఏం గాదు గద?" అంటుంది. ఇద్దరికీ ఒకేచోట జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాం.

మంచు అనగానే మనకు గుర్తొచ్చేది చలికాలం తెల్లవారుజామున హైవే మీద లారీలు కనబడకుండా కమ్ముకునే పొగమంచు. కాళ్లు దిగబడేంత లోతున పేరుకుని ఉండే మంచు మన తెలుగు నేల మీద లేదు. తూర్పు కనుమల్లోని ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. కనుక ఈ విషయంలో ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకుందామన్నా చెప్పేవారు ఉండరు.

మన పిల్లలు వెళ్లే చోట్లలో ఒకటి ఉత్తరాఖండ్‌లోని చోప్తా. అక్కడి నుండి తుంగనాథ్ మీదుగా చంద్రశిల అనే శిఖరానికి నడిచి వెళతారు. పైకి ఐదారు కిలోమీటర్ల దారి. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిరావచ్చు గనుక ఒక్కరోజు పనే అనిపిస్తుంది. కానీ చోప్తా 2,700 మీటర్ల దరిదాపుల్లో ఉంటే, శిఖరం 3,600 మీటర్లు దాటుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కింద అడవిలో ఎర్రటి బురాంశ్ పూలు పూసి వసంతం వచ్చేసినట్టే ఉంటుంది. పైన దారి ఇంకా మంచు కిందే ఉంటుంది. మొన్నటిదాకా మన ఎండల్లో తిరిగిన మనిషి విమానంలో ఢిల్లీ చేరి, రాత్రంతా బస్సులో కూర్చుని, రెండో రోజుకో మూడో రోజుకో అక్కడ నిలబడతాడు. మనిషి చేరినంత తొందరగా ఒంట్లోని రక్తం, ఊపిరితిత్తులు ఆ ఎత్తుకు అలవాటుపడవు.

గత ఏడాది ఏప్రిల్‌లో అలా వెళ్లివచ్చిన ఒక అబ్బాయి మాతో చెప్పిన సంగతి ఇది. పేరు రాయవద్దన్నాడు. ఆరుగురు స్నేహితులు వెళ్లారు. చోప్తాలో రాత్రికే ఇతనికి తలనొప్పి మొదలైంది, అన్నం సహించలేదు. పొద్దున లేస్తూనే వాంతి అయింది. ఎవరికీ చెప్పలేదు. అందరూ డబ్బులు పెట్టుకుని వచ్చారు, తన ఒక్కడి వల్ల పాడవుతుందని సిగ్గు. ఒక నొప్పి మాత్ర వేసుకుని నడిచాడు. చెమట పట్టిన కాటన్ చొక్కా మీద ఈదురుగాలి తగిలి వణుకు వచ్చింది. శిఖరానికి కొంచెం దూరంలో కాలు తడబడి మంచులో కూర్చున్నాడు. "లేవబుద్ధి కాలేదు సార్, ఆడనే పండుకోవాలనిపించింది" అన్నాడు. స్నేహితులు అలసట అనుకున్నారు. ఫోటోలు దిగివస్తామని పైకి వెళ్లారు కూడా. అటుగా దిగుతున్న ఒక టీ కొట్టు పెద్దాయన అతని ముఖం చూసి, ఏమీ అడగకుండా సంచి తన భుజాన వేసుకుని, రెక్క పట్టుకుని కిందికి నడిపించాడు. సాయంత్రానికి జీపులో ఇంకా కిందికి దిగాక తల తేలికపడింది, ఆకలి వేసింది.

అది ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బు. దానికి చలి, నీళ్లు తాగకపోవడం తోడయ్యాయి. పైన ఆక్సిజన్ ఉండదని కొందరు అనుకుంటారు. గాలిలో ఆక్సిజన్ పాలు కొత్తకోటలోనైనా ఎవరెస్టు మీదనైనా నూటికి 21 వంతులే. తగ్గేది గాలి ఒత్తిడి. 3,600 మీటర్ల ఎత్తున అది సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు, 5,500 మీటర్ల దగ్గర సగానికి పడిపోతుంది. అంటే ఒక్కో శ్వాసలో ఒంటికి అందే ఆక్సిజన్ అంత తగ్గిపోతుంది. అందుకే గుండె, ఊపిరి వేగం పెంచుకుంటాయి. ఇది సర్దుకోవడానికి రోజులు పడుతుంది. ఎంత బలమైన కండలున్నా ఈ జబ్బు రాదని చెప్పలేం. పైగా బలమున్నవాడు తొందరగా ఎక్కేస్తాడు గనుక అతనికే ముందు వచ్చే సందర్భాలు ఉన్నాయి.

2,500 మీటర్లు దాటాక తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, విపరీతమైన నీరసం వస్తే, వేరే కారణం రుజువయ్యేదాకా ఎత్తు జబ్బు అనే అనుకోవాలి. ఇక పైకి ఎక్కకూడదు. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవాలి, తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం ఆగకపోవడం, దగ్గు, నురగతో కూడిన కళ్లె వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తాగినవాడిలా తూలినా మెదడు వాచిందని అనుమానించాలి. నేల మీద ఒక గీత ఊహించుకుని, మడమకు వేలు ఆనించి పది అడుగులు నడవమనండి. తూలితే ఆ క్షణమే కిందికి తేవాలి. రాత్రయినా, ఖర్చయినా ఆలస్యం చేయకూడదు. ఆక్సిజన్, మందులు ఉంటే మంచిదే గాని, వాటి కోసం ఎదురుచూస్తూ పైన ఉండిపోవద్దు. అలాంటి మనిషిని ఒంటరిగా దిగమని పంపడం అసలే పనికిరాదు.

ఇక ఆ గోలీ. దాని పేరు ఎసిటజోలమైడ్. ఒళ్లు ఎత్తుకు త్వరగా అలవాటుపడడానికి సాయపడుతుంది. ఎక్కడానికి ముందురోజు నుండి వాడాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం మామూలే. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరుకు చెప్పాలి, సొంతంగా కొని మింగకూడదు. గోలీ వేసుకున్నాం గదా అని రెండు రోజుల ఎత్తు ఒక్కరోజులో ఎక్కితే అది కాపాడదు. మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి గనుక అక్కడ ముట్టవద్దు.

అలవాటుపడడం అంటే ఏమిటో మన పిల్లలే చూపించారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా బాలుడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకునే ఈ పిల్లలను ముందు భువనగిరి బండ మీద ఎక్కించారు, తరువాత డార్జిలింగ్‌లో, ఆపైన లడఖ్ చలిలో శిక్షణ ఇచ్చారు. శిఖరం చేరడానికి ముందు కొండ మీదనే వారాల తరబడి ఉన్నారు. పత్రికల్లో మనకు కనబడింది చివరి రోజు ఫోటో మాత్రమే.

మంచు మీద నడక గురించి కొంత. వసంతకాలంలో రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున గట్టిగా ఉంటుంది. అడుగు నిలుస్తుంది గాని జారుతుంది. ఎండ ఎక్కాక మెత్తబడి మోకాలి దాకా దిగబడుతుంది, ఏటవాలు చోట్ల పెళ్లలు జారిపడే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే చీకటితో బయలుదేరతారు. మధ్యాహ్నం పన్నెండు లోపల ఎక్కడున్నా వెనక్కి తిరగాలని కిందనే ఒప్పందం చేసుకోండి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. కాళ్లు అలిసిపోయి, మనసు ఇంటికి పోయి, దిగేటప్పుడే ఎక్కువగా పడతారు.

వాతావరణం ఎంత తొందరగా మారుతుందో 2024 జూన్‌లో చూశాం. ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ నుండి తిరిగివస్తున్న 22 మంది కర్ణాటక బృందం మంచు తుఫానులో చిక్కుకుని తొమ్మిది మంది చనిపోయారు. అనుభవానికీ హద్దు ఉంటుంది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతుండగా వాతావరణం చెడి తప్పిపోయాడు. ఏప్రిల్ మొదటివారంలో ఆయన దేహం దొరికింది. అంతటివానికే పక్కన మరో మనిషి అవసరం పడే చోటు అది.

చలిని ఆపేది ఒక్క లావు కోటు కాదు, పలుచని రెండు మూడు పొరలు. ఒంటికి ఆనే పొర కాటన్‌ది కాకుండా చూసుకోండి, అది చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. తడి, గాలి కలిస్తే సున్నా డిగ్రీలు కాకముందే ఒళ్లు చల్లబడుతుంది. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు. కిందికి వచ్చాక గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి.

కళ్ల సంగతి చాలామంది మరచిపోతారు. కొత్త మంచు తన మీద పడిన అతినీల కిరణాల్లో నూటికి 80 వంతుల దాకా తిరగగొడుతుంది. నల్లద్దాలు లేకుండా నడిస్తే అప్పటికి ఏమీ తెలియదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం. మన హైవే పక్క షెడ్లలో అద్దం లేకుండా వెల్డింగు చేసిన పిల్లలు అర్ధరాత్రి మా దగ్గరకు పరుగెత్తుకొచ్చేది ఇదే జబ్బుతో. పక్కలు మూసి ఉండే మంచి నల్లద్దాలు కొనుక్కోండి.

నీళ్లు దాహం వేయకున్నా తాగాలి, మూత్రం పచ్చబడితే చాలలేదని గుర్తు. తిండికి ఖరీదైన చాక్లెట్లే కావాలని లేదు. మన వేరుశనగ, బెల్లంతో చేసిన పల్లీపట్టీ జేబులో వేసుకుని గంటకొకటి తింటే సరిపోతుంది.

గుండెజబ్బు, అదుపులో లేని బి.పి., ఆయాసం, సికిల్ సెల్ ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా వెళ్లవద్దు. ఆడపిల్లలు రక్తం శాతం ఒకసారి చూపించుకోండి. మన దగ్గర రక్తం తక్కువున్నవారు చాలామంది, కింద తెలియనిది పైన తెలుస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు దానిని గడ్డకట్టనీయకుండా ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. మా దగ్గరకు వచ్చేవారు కనీసం రెండు వారాల ముందు రండి, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. బస్సు ఎక్కబోతూ వస్తే మేము చేయగలిగింది తక్కువ.

పైన చెప్పిన అబ్బాయి ఈసారి మళ్లీ అదే స్నేహితులతో బయలుదేరుతున్నాడు. తలనొప్పి ఎవరికి వచ్చినా ముందు చెప్పాలని, ఒకరు దిగితే ఇంకొకరు తోడు దిగాలని ఆరుగురూ మాట అనుకున్నారట. చోప్తాలో ఒకరోజు ఎక్కువ ఉంటారట. ఆదివారం ఆరాధన అయ్యాక వీపున ఐదు కిలోల సంచి వేసుకుని ఖిల్లా ఘనపురం కోట ఎక్కి దిగుతున్నాడు. మోకాళ్లు నొస్తున్నయని మొన్న వచ్చాడు. దిగేటప్పుడు చిన్న అడుగులు వేయమని, వారానికి రెండుసార్లు చాలని చెప్పి పంపాం.