నొప్పి లేదంటే నమ్మొద్దు

మార్చి నుంచి మే దాకా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటుంది. రాలిన పిక్కలను ఆ ఆకుల్లోంచే ఏరుకోవాలి. కాశీబుగ్గ, పలాసల్లో జీడిపప్పు వ్యాపారం ఎంత పెద్దదైనా మొదలు మాత్రం అక్కడే, వంగిన నడుముల దగ్గర, వట్టి చేతుల దగ్గర. ఇళ్ల చుట్టూ చూస్తే కొబ్బరి డొక్కల గుట్టలు, మట్టలు, కట్టెల మోపులు. పగటిపూట చల్లగా, చీకటిగా ఉండే ఇలాంటి చోట్లలోనే తేలు నక్కి ఉంటుంది.

తేలు అనగానే మనకు కళ్ల ముందు మెదిలేది మండ్రగబ్బ. నల్లటి ఒళ్లు, లావాటి డెక్కలు. చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది కుడితే సాధారణంగా నొప్పి, వాపుతో సరిపోతుంది. మన దేశంలో ప్రాణాలు తీసేది ఎక్కువగా ఎర్రతేలు. వేలెడంత ఉంటుంది, డెక్కలు సన్నం, తోక లావు. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడులతో పాటు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది.

దాని విషం నేరుగా నరాల మీద పనిచేస్తుంది. నరాల్లో సోడియం వచ్చిపోయే సన్నని ద్వారాలుంటాయి. తెరుచుకున్న వెంటనే అవి మూసుకోవాలి. విషం వాటిని మూసుకోనివ్వదు. దాంతో నరాల కొసలు తమలో దాచుకున్న నార్‌అడ్రినలిన్‌ను ఆపకుండా కుమ్మరిస్తాయి. మామూలు రోజుల్లో ఒంటిని అప్రమత్తంగా ఉంచే రసాయనమే ఇది. ఒక్కసారిగా పొంగితే రక్తనాళాలు బిగుసుకుపోతాయి, బీపీ ఎగబాకుతుంది. ఆ బిగువుకు ఎదురు తోసి తోసి గుండె అలసిపోతుంది. చివరికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. పిల్లల్లో ఇదంతా మరీ వేగంగా జరగొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఊరూరా తెలియాల్సింది ఇంకొకటి ఉంది. కుట్టినచోట భరించలేని నొప్పితో గిలగిల్లాడే మనిషికి చాలాసార్లు ప్రాణభయం ఉండదు. నొప్పి పెద్దగా లేకుండా, ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతులై, చొంగ కారి, చేతులూ కాళ్లూ చల్లబడుతుంటే భయపడాలి. మగపిల్లల్లో అంగం గట్టిపడటం కూడా విషం ఒంట్లోకి పాకిందనడానికి గుర్తు. మంత్రం వేయించాక నొప్పి తగ్గిందని సంబరపడే కుటుంబం సరిగ్గా ఆ గంటలోనే మోసపోతుంది. తేలు కుట్టిన చాలామంది ఎలాగూ బతుకుతారు కాబట్టి మంత్రానికి పేరొచ్చింది. ఆ మిగిలిన కొద్దిమంది గురించే నా బాధంతా. మంత్రం వేసేవారిని తిట్టి లాభం లేదు. వాళ్లే చెమట చూసి ‘బేగి ఆస్పత్రికి తీసుకెళ్లండి’ అంటే ఆ ఊరికి అంతకుమించిన మేలు లేదు.

ఈ గుర్తులన్నీ రోగుల మంచాల పక్కన కూర్చుని రాసిపెట్టిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో, మహాడ్ దగ్గర బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1970ల్లో పనిచేశారు. అప్పట్లో విషం తీవ్రంగా ఎక్కి వచ్చినవాళ్లలో నూటికి 30 మంది దాకా చనిపోయేవారు. నార్‌అడ్రినలిన్ రక్తనాళాల మీద పనిచేసే చోటునే అడ్డుకుంటే సరిపోతుంది కదా అని ఆయనకు తట్టింది. అందుకు తగిన మందు అప్పటికే ఉంది. అది ప్రాజోసిన్, బీపీ మాత్ర. దాన్ని రోగులకు ఇచ్చి చూసిన అనుభవాన్ని 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ మాత్ర వాడుకలోకి వచ్చాక మరణాలు ఒకటి రెండు శాతానికి దిగాయి. కోలుకుంటున్న రోగికి కుట్టినచోట నొప్పి మళ్లీ మొదలవుతుందని కూడా ఆయనే గమనించారు. 70 మంది మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, విషానికి విరుగుడు ఇంజెక్షన్‌ను ప్రాజోసిన్‌తో కలిపి ఇచ్చిన 35 మందిలో 32 మంది పది గంటల్లో పూర్తిగా తేరుకున్నారు. మాత్ర ఒక్కటే ఇచ్చిన 35 మందిలో అలా తేరుకున్నవారు 8 మంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇదే నార్‌అడ్రినలిన్ మెదడులోనూ ఉంది. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న నీలి మచ్చ దాన్ని తయారుచేసి మెదడంతటికీ పంపుతుంది. పార్కిన్‌సన్స్, అల్జీమర్స్ జబ్బుల్లో ఈ మచ్చలోని కణాలు రాలిపోతాయి. పరిశోధకులు ఎలుకల్లో అదే నష్టాన్ని కలిగించడానికి డీఎస్‌పీ-4 అనే విషాన్ని వాడతారు. కణం తన నార్‌అడ్రినలిన్‌ను తిరిగి లోపలికి పీల్చుకునే దారిలోనే అదీ దూరుతుంది. డెసిప్రమిన్ అనే మందు ముందే ఇస్తే ఆ దారి మూసుకుపోతుంది. హంగేరీలో పుట్టిన సెలెజిలిన్ అనే మందు కూడా ఎలుకల్లో ఈ కణాలను కాపాడింది. మనుషుల్లో ఈ కణాలను అలా కాపాడే మందు మాత్రం ఇంకా రాలేదు. తేలు విషం నరం చేత ఉన్నదంతా కక్కిస్తే, డీఎస్‌పీ-4 ఆ కొసలనే చంపేస్తుంది. రెండుచోట్లా మందు ముందుగా అందడంలోనే ఉంది అంతా. మెదడు విషయంలో ఆ ‘ముందు’ ఎప్పుడో చెప్పడం కష్టం. తేలుకాటులో గడియారం చూసి చెప్పొచ్చు.

ఉద్దానం వాళ్లకి ప్రాజోసిన్ కొత్త పేరేమీ కాకపోవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరి బీపీ అదుపులోకి రానప్పుడు డాక్టర్లు రాసే మాత్రల్లో అదొకటి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. అందుకే ఒక హెచ్చరిక. తేలు కుట్టిందని పక్కింటి డబ్బాలోంచి మాత్ర తీసి మింగకూడదు. బీపీకి ఇచ్చేది చాలాసార్లు మెల్లగా కరిగే రకం. తేలుకాటుకు వెంటనే కరిగే మామూలు రకం కావాలి. మోతాదును పిల్లల్లో బరువును బట్టి లెక్కకడతారు. మొదటి మోతాదుకు బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు కాబట్టి మనిషిని పడుకోబెట్టే ఉంచాలి. డాక్టరు చూస్తుండగా జరగాల్సిన పని ఇది.

కుట్టినచోట కోయడం, కట్టు బిగించడం, పసర్లు పూయడం వద్దు. నొప్పికి ఐసుముక్క పెట్టొచ్చు. కుట్టిన సమయం గుర్తుపెట్టుకుని దగ్గరి ఆస్పత్రికి చేరాలి, డాక్టరుకు ఆ సమయం చెప్పాలి. రాత్రివేళ కాశీబుగ్గకో టెక్కలికో బండి దొరకడానికే గంట పట్టే ఊళ్లున్నాయి. అందుకే ఈ మాత్ర పెద్దాస్పత్రిలో ఉంటే చాలదు, ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి. చాలా చవకైన మాత్ర అది. వచ్చే జీడి సీజన్‌లో జనం తోటల్లోకి పోయేముందే సర్పంచులు, ఆశా కార్యకర్తలు తమ కేంద్రానికి వెళ్లి ఒక్కమాట అడగాలి: మామూలు ప్రాజోసిన్ మాత్రలు ఎన్ని ఉన్నాయి, ఎప్పటిదాకా పనికొస్తాయి?