నెమరువేయు పశువుల జీర్ణకోశము: రైతు తెలిసికొనవలసిన సంగతులు

పశువు రైతు యింటి ధనము. వేళకు గడ్డియు కుడితియు చూపిన చాలును, ఆ ధనము నిలుచునని పెక్కుమంది తలంతురు. కాని తిన్న మేత లోపల ఏమగుచున్నదో ఎరుగనివాడు, ఎంత ప్రేమతో మేపినను, ఒక్కొక్కప్పుడు తన చేతులతోనే పశువునకు కీడు చేయును. మక్కలు కల్లమునకు చేరినప్పుడు, వడ్లు ఆరబోసినప్పుడు, పెండ్లివిందులో మిగిలిన అన్నము కుడితి తొట్టిలో కుమ్మరించినప్పుడు, కడుపార తిన్న బర్రె మరునాటికి నేలబడుట హుస్నాబాదు చుట్టుపట్ల రైతులు వినని సంగతి కాదు. ‘మనుష్యులు తిను అన్నమే గదా, పశువునకు విషమెట్లగును?’ అని అడుగువారు కలరు. ఆ ప్రశ్నకు జవాబు పశువు కడుపులోనే యున్నది. కావున ఈ నెల దానినిగూర్చి వ్రాయుచున్నాము.

నోరు, పండ్లు

ఆవు, బర్రె, మేక, గొఱ్ఱె, వీనికి పైదవడ ముందుభాగమున పండ్లు లేవు. వాని స్థానమున గట్టి చిగురు దిండువలె నుండును. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి, క్రింది పండ్లకును ఆ దిండునకును నడుమ పట్టి త్రెంచి, సగము నమిలియు నమలకయు మ్రింగును. పెదవులతో ఏరుకొని తిను మేకకు గల జాగ్రత్త దీనికి లేదు. అందుచేతనే మేతలో పడిన మేకు, తీగెముక్క, ప్లాస్టిక్ సంచి కూడ లోపలికి పోవును.

నాలుగు సంచులు

నెమరువేయు పశువు పొట్ట నాలుగు భాగములు. మొదటిది పెద్దపొట్ట. పెరిగిన పెద్ద ఆవులో ఇది నూరు లీటర్లకు మించి పట్టును. కడుపు ఎడమభాగమంతయు దానిదే. దాని లోపలిగోడ తువాలు నూగువలె నుండును. రెండవ దాని గోడపై తేనెపట్టు గడులు కనిపించును. మ్రింగిన ఇనుప ముక్కలు చేరునది ఈ సంచియే. గుండెకును దీనికిని నడుమ పలుచని పొర మాత్రమే యుండుటచే, మేకు ఆ గోడను చీల్చి గుండెకు తగులుటయు కలదు. మూడవది పుస్తకపు పుటలవలె పొరలు గలది. మేతలోని నీటిని పీల్చుట దాని పని. నాలుగవదియే మన పొట్ట వంటి అసలు పొట్ట. పులుపు రసము ఊరి మాంసకృత్తులను కరగించుట అక్కడనే జరుగును. ఆ పిదప పెద్ద ఆవులో సుమారు 40 మీటర్ల పొడవుగల చిన్నప్రేగులు మేత సారమును రక్తములోనికి చేర్చును.

పెద్దపొట్టలోని పాలేర్లు

గడ్డిలోని నారను కరగించు రసము ఏ పశువు శరీరములోను ఊరదు. అయినను ఆవు గడ్డి తిని పాలిచ్చుచున్నది. ఏలన, పెద్దపొట్టలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోటానుకోట్లు కాపురమున్నవి. గాలి సోకని ఆ వెచ్చని తొట్టిలో అవి గడ్డిని పులియబెట్టి, దానిని కొన్ని ఆమ్లములుగా మార్చును. పశువు ఆ ఆమ్లములను పొట్టగోడద్వారా పీల్చుకొని బ్రదుకును. ఆ సూక్ష్మజీవులు తమవంతుగా నాలుగవ పొట్టకు కొట్టుకొనిపోయి, అరిగి, పశువునకు మాంసకృత్తులగును. ఫిన్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు విర్టానెన్ (1945లో నోబెలు బహుమతి పొందినవాడు) 1960 తరువాతి సంవత్సరములలో ఆవులకు మాంసకృత్తులే లేని మేతను, నత్రజనికై యూరియాను ఇచ్చి, అవి పాలిచ్చుటను లోకమునకు చూపెను. కనుక మనము ముందుగా మేపునది ఈ పాలేర్లను. అవి పశువును మేపును.

ఈ పాలేర్లలో తెగలు కలవు. గడ్డిని పులియబెట్టునవి వేరు, గింజలలోని పిండిని పులియబెట్టునవి వేరు. గడ్డికి అలవాటుపడిన పొట్టలోనికి ఒక్కసారిగా మక్కలో, అన్నమో వచ్చిపడినచో, పిండిని తిను తెగ ఒక్క రాత్రిలో విపరీతముగా పెరిగి పులుపును పుట్టించును. ఆ పులుపునకు గడ్డి తెగ నశించును. పొట్ట కదలిక ఆగును. రక్తములోని నీరు పొట్టలోనికి దిగును. పశువు నెమరు మాని, పుల్లని వాసనగల పలుచని పేడ వేసి, తూలి, నేలబడును. అన్నము విషమగుట ఇట్లు. అదే ధాన్యమును పది పదునైదు దినములలో కొంచెము కొంచెముగా పెంచినచో, పాలేర్లు అలవాటుపడును, కీడు రాదు.

నెమరు, వెన్న

పశువు పడుకొని నెమరువేయునది దినమునకు ఏడెనిమిది గంటలు. అప్పుడు ఊరు లాలాజలములో సోడా వంటి క్షారము కలదు. అది పొట్టలోని పులుపును సరిచేయును. పెద్ద పాడియావునకు దినమునకు నూరు లీటర్లకు పైగా ఊరునందురు. పీచులేని మేతకు నెమరు తక్కువ; నెమరు తగ్గిన లాలాజలము తక్కువ. మరియు గడ్డి పులియుటచే వచ్చు ఆమ్లమే పాలలోని వెన్నకు మూలము. కావున పాలు పెరుగునని గడ్డి తగ్గించి దాణా పెంచువారికి వెన్నశాతము పడిపోవును. మన పొరుగున ముల్కనూరులో 1956లో రైతుల సహకార సంఘమును, 2002లో మహిళల పాలడైరీయు వెలసి ప్రసిద్ధి కెక్కినవి. వెన్ననుబట్టి వెలగట్టు ఏ పాలకేంద్రమునకు పాలు పోసినను, వరిగడ్డి, చొప్ప కూడ పాలధరలో భాగమేనని మన ఇల్లాండ్రు గ్రహింపవలెను.

నాము, చిటుక

లేత జొన్నపైరును, వానలేక గిడసబారిన జొన్నను, కోసిన మోళ్ళనుండి వచ్చు పిలకలను మేసిన పశువు గిలగిల తన్నుకొని చచ్చుటను నాము అందుము. ఆ పైరులో దాగియున్న విషమును పెద్దపొట్టలోని జీవులు త్వరగా విడిపించుటయే దీని వేగమునకు కారణము. పూతకు రాని జొన్నలోనికి పశువును తోలరాదు.

గొఱ్ఱెలలో చిటుక రోగమును అజీర్ణమునకు సంబంధించినదే. తొలకరి తరువాత లేతగడ్డిని ఆబగా మేసినప్పుడు, అరుగని మేత ప్రేగులలోనికి జారును. అచ్చట నుండు ఒక క్రిమి పెరిగి విషమును పుట్టించును. మందలో బలిసిన పిల్లలే ముందు పోవుట ఇందుచేతనే. 2017 జూనులో మన సిద్దిపేట జిల్లాలోని కొండపాకలో మొదలైన గొఱ్ఱెల పంపిణీవలన క్రొత్తగా మందలు పెట్టినవారు పెక్కురు. వానలకు ముందే టీకా వేయించుట వారు మరువరాదు.

దూడల విషయము

పుట్టిన దూడకు పెద్దపొట్ట పనిచేయదు. త్రాగిన పాలు ఒక కాలువద్వారా నేరుగా నాలుగవ పొట్టకు చేరును. మొదటి గంటలో జున్నుపాలు త్రాగింపవలెను. రోగమునకు ఎదురునిలుచు శక్తి దానివలననే కలుగును. రెండు మూడు నెలలలో గడ్డి రుచి మరగి, సూక్ష్మజీవులు చేరి, దూడ మెల్లగా నెమరు నేర్చును.

రైతులు పాటింపవలసినవి

1. మేతను ఎప్పుడును ఒక్కసారిగా మార్పరాదు. పచ్చిమేత, దాణా, మాగుడు గడ్డి, ఏదైనను పది పదునైదు దినములలో అలవాటు చేయవలెను.

2. కల్లము దగ్గర, ఆరబోసిన వడ్ల దగ్గర పశువును గట్టిగా కట్టివేయవలెను. విందులో మిగిలిన అన్నము తొట్టిలో పోయరాదు.

3. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి చూడుడు. నిమిషమునకు ఒకటి రెండు మారులు పొట్ట పిడికిలిని నెట్టవలెను. అట్లు నెట్టకున్నను, నెమరు మానినను, డొక్క తప్పెటవలె ఉబ్బినను, ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలెను. అంతవరకు నాలుక లాగి గొట్టముతో మందులు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవు భయము కలదు.

4. ఎండిన వరిగడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ కప్పి 21 దినములు మాగవేసినచో, గడ్డి మెత్తబడి బలమగును. తీసినపిదప కొంతసేపు గాలికారబెట్టి వేయవలెను. ఆరు నెలలలోపు దూడలకు ఇది కూడదు. యూరియాను కుడితిలో కలిపినచో ప్రాణాపాయము.

5. మేకులు, తీగెలు, ప్లాస్టిక్ సంచులు కొట్టమునుండి దూరముగా పారవేయవలెను.

వీనిలో యూరియాకు, టీకాకు తప్ప తక్కిన వానికి పైకము పనిలేదు. పట్టుదల మాత్రము కావలెను. ఈ సంగతులు ఇంటిలో మేత వేయువారికి, పశువులు కాయు పిల్లవానికి చదివి వినిపింపుడు. తొట్టి దగ్గర నిలుచునది వారే గనుక, పశువు ప్రాణము చాలవరకు వారి చేతులలోనే యున్నది.