సంక్రాంతి దాటాకే సముద్రం మీదికి

సాయంత్రమైతే దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో జనాన్ని ఎక్కించుకున్న విశాఖ బస్సులు మా అబ్దుల్లాపూర్‌మెట్ ముందునుంచే విజయవాడ రోడ్డున పోతుంటాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను, దసరా దగ్గరపడితే కాలనీలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "మేడం, పిల్లలకు సెలవులొస్తున్నయ్. వైజాగ్ పోయి ఓడ ఎక్కుదమనుకుంటున్నం. ఎట్లుంటది?"

"దసరాకు వద్దు. సంక్రాంతి పోనీయండి" అని చెబుతాను.

ఓడ టికెట్ ఎంత, గదికి కిటికీ ఉంటుందా, శాకాహారం దొరుకుతుందా అని అందరూ అడుగుతారు. అవన్నీ తరువాతి సంగతులు. విశాఖ నుంచి భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ మీదుగా ఈశాన్యంగా సాగే మన తీరం దేశంలోకెల్లా తుపాన్ల దెబ్బ ఎక్కువగా తినే తీరాల్లో ఒకటి. అక్కడ ఓడ ఎక్కాలంటే ముందు తేల్చుకోవలసింది నెల. నా లెక్కలో ఆ నెలలు జనవరి మూడో వారం నుంచి మార్చి మధ్య దాకా. ఎందుకో వివరంగా చెబుతాను.

రెండు గాలుల మధ్య సందు

బంగాళాఖాతాన్ని ఏలేవి రెండు గాలులు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం. ఒక గాలి తగ్గి ఇంకోటి పుంజుకునే మార్పు రోజుల్లో సముద్రపు పైనీరు బాగా వేడెక్కి ఉంటుంది. ఆ వేడే తుపాన్లకు ఆహారం. అందుకే ఈ సముద్రంలో ఏడాదికి రెండు తుపాను కాలాలు. ఒకటి మే చుట్టూ, రెండోది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా. రెండోదే మన తీరానికి ఎక్కువ ప్రమాదం.

తేదీలు చూడండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ నగరం మీదుగానే వెళ్ళింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మూడూ వచ్చింది అక్టోబర్‌లో ఒకే వారపు తేదీల్లో, మన పిల్లల దసరా సెలవులకు కాస్త అటూ ఇటూగా. డిసెంబర్‌కు వెళ్దామంటే 2018 డిసెంబర్ 17న పెథాయ్ తూర్పు గోదావరి తీరాన్ని, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల తీరాన్ని తాకాయి. ఎండాకాలం సెలవులా? 2019 మే 3న ఫణి పూరీ దగ్గర దాటింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది.

ఇక మిగిలింది సంక్రాంతి తరువాతి కాలం. అప్పటికి ఈశాన్య గాలి నీరసిస్తుంది, నైరుతి ఇంకా పుట్టదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బంగాళాఖాతంలో తుపాను పుట్టడం చాలా అరుదు. వాన దాదాపు ఉండదు. తెల్లవారుజామున కాస్త పొగమంచు పట్టినా ఎండెక్కగానే విచ్చుకుంటుంది.

నీళ్ళు కూడా దిక్కు మార్చుకుంటాయి

తరగతిలో ఈ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వినేవాళ్ళు. మన తూర్పు తీరం వెంబడి సముద్రంలో ఒక ప్రవాహం ఉంటుంది. నది ఒకే దిక్కుకు పారుతుంది కానీ, ఈ ప్రవాహం ఏడాదికి రెండుసార్లు తిరగబడుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒడిశా వైపు నుంచి తమిళనాడు వైపు దిగుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి దిక్కు మార్చుకుని ఈశాన్యంగా సాగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అది బాగా బలంగా ఉంటుంది.

ఓడ ఎక్కేవాళ్ళకు దీంతో ఏం పని అంటారా? వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసిన వరదనీరు ఉప్పునీటి కంటే తేలిక. అది పైపొరగా నిలిచి, అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈ ప్రవాహం వెంటే తీరాన్ని ఆనుకుని దక్షిణంగా దిగుతుంది. ఆ తేలిక పొర కింది చల్లటి నీటితో సులువుగా కలవదు కాబట్టి వేడి పైనే నిలుస్తుంది, తుపానుకు బలమిస్తుంది. ప్రవాహం తిరగబడ్డాక దక్షిణం నుంచి ఉప్పు ఎక్కువున్న నీరు ఉత్తరానికి వస్తుంది. దసరాకు చూసే సముద్రమూ శివరాత్రికి చూసే సముద్రమూ పేరుకే ఒకటి.

ఓడ వచ్చే నెల వేరు

ఇక్కడే ఒక చిక్కు. సముద్రం నెమ్మదించే నెలలు వేరు, మనకు ఓడ దొరికే నెలలు వేరు. 2022 జూన్ 8న కోర్డేలియా కంపెనీ 'ఎంప్రెస్' ఓడ విశాఖకు వచ్చి యాత్రికులను పుదుచ్చేరి, చెన్నై వైపు తీసుకెళ్ళింది. పదకొండు అంతస్తుల ఓడ. జూన్‌లోనే ఎందుకు? నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చి ముంబై, గోవా తీరాలను నేరుగా కొట్టే కాలం అది. అక్కడ అలలు పెద్దవి. మన కోస్తాకు వచ్చేసరికి అదే గాలి నేల మీదుగా వస్తుంది కాబట్టి, తీరం దగ్గర అలలకు పెరిగే చోటు తక్కువ. పశ్చిమాన తిరిగే ఓడకు ఆ నెలల్లో తూర్పు తీరమే నయం.

అయితే విశాఖ నుంచి ఏ దిక్కుకు వెళ్తున్నామన్నది చూసుకోవాలి. దక్షిణంగా చెన్నైకి వెళ్ళే ఓడను జూన్, జూలైలో ఎక్కవచ్చు. కాస్త ఊపు, మబ్బు పట్టిన ఆకాశం భరించగలిగితే చాలు. ఈశాన్యంగా ఒడిశా వైపు అయితే సంగతి వేరు. ఆ వైపు తీరం గాలి దిక్కుకే సాగుతుంది, పైగా వానాకాలపు అల్పపీడనాలు, వాయుగుండాలు పుట్టేది వాయవ్య బంగాళాఖాతంలోనే. సెప్టెంబర్ చివర కూడా నమ్మకం లేదు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది.

విశాఖలో 2023 సెప్టెంబర్‌లో, సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రేవు సిద్ధంగా ఉంది. మంచి నెలల్లో మామూలు కుటుంబాలు ఎక్కగలిగే ఓడలు రావాలి.

తాతల లెక్క

ఈ తీరంలో కాలం చూసి కదలడం కొత్త కాదు. కార్తీక పౌర్ణమి నాడు మనం నీళ్ళలో దీపాలు వదిలినట్టే, ఒడిశాలో చిన్న చిన్న పడవ బొమ్మలు వదిలి, పూర్వం దూరదేశాలకు వెళ్ళిన కళింగ వర్తకులను తలుచుకుంటారు. కటక్‌లో ఆ రోజున మొదలయ్యే జాతర పేరే బాలి యాత్ర. తెరచాప ఓడకు ఈశాన్య గాలి కావాలి. ఆ గాలి కోసం వాళ్ళు తుపాను ముప్పుకు కూడా సిద్ధపడి బయలుదేరేవారు. తరువాత ఆవిరి ఓడలు వచ్చాయి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో ఆగుతూ వేలమంది తెలుగువాళ్ళను బర్మాకు, వాళ్ళ మాటల్లో రంగానికి, చేరవేశాయి. ఆ ప్రయాణాలు అక్కడి వరి కోతలను, మిల్లుల పనిని బట్టి సాగేవి.

వాళ్ళను నడిపించింది గాలి, కూలి. మనకు ఆ అవసరం లేదు. విహారానికి వెళ్ళే మనిషికి ముప్పున్న నెలలో వెళ్ళాల్సిన పనేముంది?

ఈ మాట నేను గట్టిగా అనడానికి కారణముంది. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీదున్నప్పుడు పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. పోయినవాళ్ళలో హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. అదే గోదావరి మీద అదే దారి శీతకాలంలో ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. కాలం ఎంచుకోవడం సుఖం కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

సముద్రం సంగతి మన నగరమే చెబుతుంది

హైదరాబాద్‌కు సముద్రం లేదు. కానీ దేశంలో ఏ తీరాన రేపు ఎంత ఎత్తు అల లేస్తుందో చెప్పే సంస్థ ఇక్కడే ఉంది. మాకు నగరం ఆ చివర, ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ అదే. దాని వెబ్‌సైట్‌లో, 'సముద్ర' అనే మొబైల్ యాప్‌లో అలల ఎత్తు, గాలి వేగం ముందుగానే చూసుకోవచ్చు.

అంకెలు ఇలా చదవాలి. అల ఎత్తు మీటరుంబావు లోపు ఉంటే సముద్రం నెమ్మదిగా ఉన్నట్టు. అక్కడి నుంచి రెండున్నర మీటర్ల దాకా మధ్యస్థం. పెద్ద ఓడలో అంతగా తెలియదు, చిన్న బోటులో మాత్రం కడుపులో తిప్పుతుంది. రెండున్నర దాటితే అల్లకల్లోలం. చిన్న బోటు ఎవరు పిలిచినా ఎక్కకండి. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే, అది ఎన్నో నంబరైనా సరే, ప్రయాణం వాయిదా వేసుకోండి.

అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు

మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో పిల్లలు న్యూజెర్సీలోనో బోస్టన్‌లోనో ఉన్నారు. అక్కడి ఈశాన్య తీరం వెంబడి బార్ హార్బర్, కెనడాలోని హాలిఫాక్స్ దాకా ఓడలు తిరుగుతాయి. అక్కడి లెక్క మనకు తలకిందులు. ఫిబ్రవరిలో గడ్డకట్టే చలి. జూన్, జూలైలో చల్లటి నీటి మీద వెచ్చటి గాలి ఆడి దట్టమైన పొగమంచు కమ్ముకుంటుంది. అందరూ కోరుకునేది సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకా, మేపుల్ ఆకులు ఎరుపెక్కే రోజులు. అట్లాంటిక్ హరికేన్లు ముమ్మరంగా ఉండేది సెప్టెంబర్‌లో కాబట్టి, అక్టోబర్ మొదటి పక్షం మేలంటాను. ఆరు నెలలు ఉండేందుకు ఏప్రిల్‌లో వెళ్ళే పెద్దవాళ్ళు సెప్టెంబర్‌లోనే తిరిగొస్తారు. మేలో బయలుదేరితే ఆ రంగులు చూసే వీలుంటుంది.

బడి సెలవులతో ఎలా?

తెలంగాణ బడులకు పెద్ద సెలవులు దసరాకు, ఎండాకాలానికి. రెండూ సముద్రానికి సరిపడవు. అందుకని శివరాత్రి సెలవుకు అటూ ఇటూ ఒకటి రెండు రోజులు కలుపుకోండి. పరీక్షలు లేని చిన్న పిల్లలుంటే ఇంకా సులువు. పెద్ద ఓడ దొరక్కపోయినా ప్రయాణం మానుకోనక్కరలేదు. అలల అంకె చూసుకుని విశాఖ తీరంలో పర్యాటక బోటు ఎక్కవచ్చు. తరువాత రోడ్డున శ్రీకాకుళం వైపు సాగితే కళింగపట్నం, బారువ తీరాలు, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు కనిపిస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలమూ అదే. రాత్రిపూట వాటి మీద లైట్లు వేయకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కాబట్టి, రేవులు సందడిగా ఉండగా చూడాలన్నా ముందే వెళ్ళడం మంచిది.

పెద్ద ఓడలో గది తీసుకునేటప్పుడు ఓడ నడిమిభాగంలో, కింది అంతస్తులో అడగండి. అక్కడ ఊపు తక్కువ. వాంతులయ్యే తత్వం ఉన్నవాళ్ళు డాక్టర్ను అడిగి మాత్రలు వెంట ఉంచుకోండి.

ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేసినప్పుడు "ఎంత?" అని మొదలుపెట్టకండి. "ఫిబ్రవరిలో ఓడ ఉందా?" అని అడగండి. మన ఎల్బీనగర్ నుంచి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వేలమంది ఇదే అడిగితే, కంపెనీలు ఆ నెలలో ఓడ తేవడం లాభమని గ్రహిస్తాయి. అడిగేవాళ్ళు లేనంతకాలం వాళ్ళకు వీలైన నెలలోనే మనం ఎక్కాల్సి వస్తుంది.